పరాయి గుండీలు

ఆ గడియారంలో చివరి అంకె ఎందుకు వెలగదు?

ఏళ్ళ తరబడి గుమాస్తా మనసులో ముల్లులా ఉండిపోయిన ప్రశ్న అది. సాయంత్రం నడకకి వెళ్తే పక్కవీధి మలుపులో ఆ కిటికీ ముందు నుంచే పోవాలి. లోపల పుస్తకాల బీరువా మీద చేత్తో చేసిన గడియారం ఒకటి ఉంటుంది. ఎర్రటి అంకెలు. గంటలు వెలుగుతాయి, నిమిషాల్లో పదుల అంకె వెలుగుతుంది. దాని పక్కది మాత్రం పన్ను ఊడిన సందులా చీకటిగా ఉంటుంది. ఆరు ముప్పై అయ్యాక ఆరు నలభై దాకా ఆ ఇంట్లో కాలం కదలదు.

గుమాస్తా ఆ కిటికీ వైపు చూడనట్టే చూసేవాడు. ఆ ఇల్లు టెలిఫోన్ బావది. టెలిఫోన్ ఆఫీసులో తీగలు కలిపి కలిపి రిటైరయ్యాడు కాబట్టి టెలిఫోన్. గుమాస్తా భార్య ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది కాబట్టి బావ. ఆ పిలుపు పిలిచే మనిషి ఇప్పుడు లేదు. మగవాళ్ళిద్దరి మధ్యా మాటలు అంతకు ఎంతో ముందే పోయాయి.

టెలిఫోన్ బావ ఆ రోజు ఆడింది అబద్ధమే అయితే ఆ అంకె వెలుగుతూ ఉండాలి. నిజమే చెప్పి ఉంటే మరి తను... ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి గుమాస్తా అడుగుల వేగం పెంచేవాడు.

"నాన్నా, ఆ గది ఖాళీ చేస్తానన్నావు" అంది కూతురు, నోట్లో పిన్నులు పెట్టుకునే. అమ్మ పోయాక కుట్టుపని అంతా తన నెత్తిన వేసుకుంది. గుడ్డ పరిచి కత్తిరించడానికి బల్ల వేసుకోవాలి, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఖాళీ గదిని నాన్న ఎలక్ట్రానిక్ పార్టులు ఆక్రమించాయి.

"చేస్తున్నానుగా."

"బడి సైన్సు క్లబ్బు వాళ్ళు పట్టుకెళ్తామంటున్నారు. పిల్లలు నేర్చుకుంటారు. ఇక్కడుంటే దుమ్ము నేర్చుకుంటోంది."

"ఒక్కోటి పరీక్ష చేసి ఇవ్వాలే. చచ్చిన పార్టు చేతిలో పెడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు."

"మావయ్య సంగతేనా?"

"నీకు మావయ్యలెవరూ లేరు."

"అమ్మకి అన్నయ్య ఉండేవాడుగా మరి" అని పిన్నులు తీసి గుడ్డకి గుచ్చుకుంటూ మిషను దగ్గరకి వెళ్ళిపోయింది.

గుమాస్తా గదిలోకి వెళ్ళి లైటు వేశాడు. ఎదుటి గోడంతా పెట్టెలే. ఒకప్పుడు అవి భార్య గుండీల పెట్టెలు. ఆయన రెసిస్టర్లూ కెపాసిటర్లూ బిస్కెట్ల డబ్బాల్లో, పాత సాక్సుల్లో కలగాపులగంగా పడి ఉండటం చూసి, "ఇది సామానా, చెత్తా?" అని కొంగు దోపుకుని కూర్చుంది. తనకి వాటి పేర్లు రావు. అందుకని గుండీల పద్ధతే పెట్టింది. ప్రతి పెట్టె ముఖానా చిన్న గుడ్డముక్క అతికించి, లోపలున్న సరుకులో ఒకదాన్ని దారంతో ఆ గుడ్డకి కుట్టేసింది. చూస్తే చాలు, లోపల ఏముందో తెలిసిపోతుంది. రెసిస్టర్ల మీది రంగు గీతలు ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని చదివేలోపు ఆమె పది వేరుచేసేది. ఏది గోధుమో ఏది ఎరుపో ఆయనకి సందేహం, ఆమెకి లేదు. "మీ చదువు అంకెలండీ, నా చదువు రంగులు" అనేది.

ఆయన మీటరు పెట్టి ఒక్కో పెట్టే చూస్తూ పోయాడు. రెసిస్టర్లకి చావు లేదు. కెపాసిటర్లలో కొన్ని ఉబ్బి ఉన్నాయి, తీసి పారేశాడు. చిన్న బల్బులు ముట్టుకోగానే వెలిగాయి. పక్కగదిలో మిషను నడుస్తోంది. కూతురి తొక్కుడు అచ్చం తల్లిదే. కాసేపు గబగబా, ఒక ఆపు, మళ్ళీ నెమ్మదిగా. ఆ ఆపు వచ్చినప్పుడల్లా ఆయన చెయ్యి కూడా ఆగిపోతోంది. ఆ ఆపులోనే ఆమె ఏదో ఒకటి అడిగేది. మంచినీళ్ళు తాగారా అనో, ఆ కిటికీ వెయ్యండి అనో. ఇప్పుడు ఏ ప్రశ్నా రాదని తెలుసు. చెవులకి తెలియదు.

చివరి వరసలో అన్నిటికన్నా అందమైన పెట్టె ఉంది. మూత తీస్తే లోపల నీలం ఊలు పరుపు, దాని మీద వరసగా నల్లటి చిప్పులు. అవి మొదట నల్ల స్పాంజి ముక్కల్లో గుచ్చి ఉండేవి. స్పాంజి పొడిపొడిగా రాలి ఆమె వేళ్ళకి మసి అంటింది. "ఇదేం మసిగుడ్డండీ, ఇంత ఖరీదైన వస్తువుల్ని దీంట్లోనా పెట్టేది?" అని ఆ స్పాంజి పారేసి, ఒక్కో చిప్పునీ నైలాన్ గుడ్డతో మెరిసేలా తుడిచి, ఊలు మీద పేర్చి పెట్టింది. రాణిగారి నగల్లా ఉన్నాయని ఆయన మెచ్చుకున్నాడు కూడా.

ఆ పెట్టె పక్కనే, గుడ్డ కప్పి, ఆయన పూర్తిచెయ్యని గడియారం.

గుడ్డ తీశాడు. ఆ రోజుల్లో టెలిఫోన్ బావ గడియారం చూసి ముచ్చటపడి మొదలుపెట్టింది. ఒక్కో అంకెనీ వెలిగించడానికి ఒక్కో చిప్పు కావాలి. దుకాణంలో సరుకు అయిపోయింది. బావ తన దగ్గర మిగిలినవి స్పాంజి ముక్కలో గుచ్చి తెచ్చాడు. "ఒకటి తక్కువైంది, నా గడియారంలోంచే పీకి తెచ్చాను. చుక్క ఉన్నది అదే. దుకాణంలో సరుకు రాగానే నాది నాకు ఇచ్చెయ్, అంకె లేక ఇల్లు బోసిగా ఉంది" అన్నాడు. తన వస్తువు ప్రతిదానికీ తెల్లరంగు చుక్క పెట్టడం బావ అలవాటు. స్క్రూడ్రైవరుకి చుక్క, పటకారుకి చుక్క. "చెప్పులకి కూడా పెట్టు బావా, పెళ్ళిళ్ళలో మారవు" అని తను ఎగతాళి చేసేవాడు.

వారం పోయాక తను పనికి కూర్చుని చూస్తే పెట్టెలో చుక్క ఉన్న చిప్పు లేనే లేదు. మిగతావి సాకెట్లలో పెడితే ఒక్క అంకే వెలగలేదు. బావని పిలిపించి మెట్ల మీదే నిలేశాడు. చచ్చిన సరుకు అంటగట్టావన్నాడు. గడియారంలోంచి పీకానని కోతలెందుకు కోశావన్నాడు. దొంగ అనే మాట కూడా వచ్చింది. బావ ఏదో అనబోయి ఆగి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. సమాధానం లేకే వెళ్ళాడని గుమాస్తా అనుకున్నాడు. అనుకున్నాడే గానీ, ఆ మర్నాటి నుంచీ ఎప్పుడు చూసినా కిటికీలో ఆ అంకె చీకటిగానే ఉంది.

అందుకే ఇవాళ తేల్చుకుందామనుకున్నాడు. బస్టాండు దగ్గర దుకాణంలో అదే రకం కొత్త చిప్పు ఒకటి కూతురి చేత తెప్పించాడు. కూతురు పొట్లం బల్ల మీద పెట్టి, "దీనికోసం ఆ దుకాణాయన చేసిన హడావుడి! స్పాంజిలోంచి తియ్యొద్దన్నాడు. పసిపిల్లని అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు" అని నవ్వింది.

కొత్త చిప్పుని సాకెట్లో నొక్కి కరెంటు ఇచ్చాడు. ఎర్రగా సున్నా వెలిగింది. ఏళ్ళుగా గుడ్డ కింద పడుకున్న బోర్డు, ఏమీ ఎరగనట్టు, సున్నాని ఒకటి చేసింది.

బోర్డులో తప్పు లేదన్నమాట. బావ ఇచ్చినవి ఒకటొకటిగా మార్చి చూశాడు. చీకటి. మళ్ళీ చీకటి. అవి చచ్చినవే. తను అన్నమాట నిజమే. తీర్పు తనవైపే వచ్చింది. అయినా లేవలేదు.

ఊలు మీద ఇంకో వరస ఉంది. తగువైన కొత్తలో పంతానికి పోయి, సరుకు రాగానే దుకాణంలో తను సొంతంగా కొన్నవి. తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు, ఆమె అలవాటుగా తుడిచి పేర్చింది. ఆ తర్వాత మనసు విరిగి గడియారం జోలికే పోలేదు. వాటిని పెట్టి చూశాడు.

చీకటి. అన్నిటికీ చీకటే.

వీటికీ బావకీ ఏ సంబంధమూ లేదు.

చేతిలోది కింద పెట్టి, పెట్టెలోని ఊలు పరుపుని పైకెత్తాడు. గాలి పొడిపొడిగా ఉన్న రోజులు. పరుపు కింద నైలాన్ గుడ్డ అంటుకుని ఉంది. అది విడిపోతూ చిటపటమంది. ఆయన వేలి కొసకీ పెట్టె మూలనున్న ఇత్తడి బందుకీ మధ్య సన్నటి నిప్పురవ్వ ఒకటి మెరిసింది. చురుక్కుమంది. ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

వెనక ఎవరో నిలబడి ముట్టుకున్నట్టయింది. గభాలున తల తిప్పాడు. గుమ్మం ఖాళీగా ఉంది. పక్కగదిలో మిషను ఆగి ఉంది. కాసేపటికి మళ్ళీ నడిచింది.

అప్పుడు గుర్తొచ్చింది. స్పాంజిలోంచి తియ్యకు, ఊలుకీ నైలానుకీ దూరంగా ఉంచు, ఆ రవ్వ చాలు వీటి ప్రాణం పోవడానికి, పైకి ఏమీ కనపడదు అని బావ ఆ రోజే చెప్పాడు. తను ఊఁ కొట్టాడు. ఆమెకి చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆయన నడకకి వెళ్ళలేదు. మర్నాడు వెళ్ళి, మలుపు దాకా పోయి వెనక్కి తిరిగాడు.

వెళ్ళి ఏమని చెప్పాలి? చిప్పులు చచ్చింది నా ఇంట్లోనే అనాలి. ఎలా అంటే? ఆమె చేతుల్లో అనాలి. నాలుగు ఊళ్ళ బట్టలు కుట్టినా ఒక్కరి చేత మాట పడని మనిషి. పోయినావిడ మీద తప్పు మోపి తన నోరు కడుక్కోవడమా? చెప్పకపోతే బతికున్న మనిషి దొంగగానే మిగిలిపోతాడు. సాయంత్రం ప్రార్థనకి కూర్చుంటే కళ్ళు మూసుకోగానే నీలం ఊలు కనపడింది. దేవుడా, నువ్వు అన్నీ చూస్తావంటారు, ఆ రోజు స్పాంజి పారేస్తుంటే చూసి ఒక్కసారి దగ్గి ఉండకూడదా అనుకున్నాడు. అనుకుని, చెంపలు వేసుకున్నాడు. పైగా చుక్క ఉన్న చిప్పు లెక్క ఇంకా తేలలేదు. అది అసలు ఇచ్చాడా, లేదా? ఆ సందేహాన్ని పట్టుకుని వేలాడాడు. సగం తప్పు ఇంకా అవతలివైపే ఉందిగా, ఎందుకు వెళ్ళాలి? వెళ్ళకూడదనే నిశ్చయించుకున్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే ఒక పెద్దావిడ కోటు పట్టుకుని వచ్చింది. ఎప్పటి నుంచో ఈ ఇంటి గిరాకీ.

"దీని గుండీ మీ అమ్మ దగ్గరే ఊడిపోయిందమ్మా. దొరికితే తీసి ఉంచుతానంది. ఆ తర్వాత నేను రావడం పడలేదు, ఈలోగా ఆవిడే పోయింది" అంది కళ్ళు ఒత్తుకుంటూ.

"అమ్మ తీసి ఉంచుతానంటే ఉంచే ఉంటుంది" అంటూ కూతురు మిషను కింది సొరుగులోంచి ఒక రేకు డబ్బా తీసింది. గుమాస్తా దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాడు, ఎన్నడూ తెరవలేదు. పరాయి గుండీల డబ్బా అది. గిరాకీల బట్టల నుంచి రాలిన గుండీ ఏదైనా సరే, ఎంత చిన్నదైనా, ఆమె తన పెట్టెల్లో కలపనిచ్చేది కాదు. "ఎవరి సొత్తు వాళ్ళకి చేరేదాకా దేవుడికి నిద్ర పట్టదు" అనేది. "అయితే పాపం ఆయన నీ డబ్బా చూసి జాగారం చేస్తున్నాడన్నమాట" అని తను నవ్వేవాడు. ఇత్తడివి నల్లబడకుండా చాక్లెట్ల వెండి కాగితంలో చుట్టేది. ఇంట్లో పిల్ల తిన్న చాక్లెట్ల కాగితాలన్నీ ఆ డబ్బాలోకే పోయేవి.

కూతురు డబ్బా బల్ల మీద బోర్లించింది. పెద్దావిడ తన గుండీని చూడగానే గుర్తుపట్టి చేతిలోకి తీసుకుంది. మిగిలిన పొట్లాలు ఒకటొకటిగా విప్పి చూస్తున్న కూతురు, "ఛీ!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. "జెర్రి, నాన్నా!"

గుమాస్తా వంగి చూశాడు. వెండి కాగితంలో నల్లటి చిప్పు. రెండు పక్కలా కాళ్ళు. వీపు మీద తెల్లటి చుక్క.

చెయ్యి చాపబోయి ఆగాడు. ముట్టుకోకూడదు. కాగితాన్నే అంచులు పట్టుకుని మళ్ళీ మూశాడు.

"ఇది ఇందులోకి ఎందుకొచ్చింది?" అంది కూతురు.

ఆయనకి జవాబు తెలుసు. చిప్పులన్నీ తుడుస్తుండగా చుక్క కనపడి ఉంటుంది. అన్నయ్య వస్తువులకి చుక్క ఉంటుందని ఆమెకి తెలుసు. ఇది మనది కాదని పక్కన పెట్టింది. మనవాటిలా తుడవలేదు, ఊలు మీద పెట్టలేదు, పరాయి వస్తువు పాడవకూడదని వెండి కాగితంలో చుట్టింది. వస్తే ఇద్దామని చూసింది. "అన్నయ్య రావడం లేదేమండీ, ఆయనకి ఇవ్వాల్సింది..." అని ఎన్నిసార్లు మొదలుపెట్టలేదు? "వాడి ఊసు నా దగ్గర ఎత్తకు" అని ఎన్నిసార్లు తను ఆ వాక్యాన్ని మధ్యలో తుంచెయ్యలేదు?

"నాన్నా, కూర్చో. మొహం అలా ఉందేం?"

"ఏం లేదమ్మా. చొక్కా ఇలా ఇవ్వు. బయటికి వెళ్ళొస్తాను."

"ఇప్పుడా? ఎక్కడికి?"

"మీ మావయ్య ఇంటికి."

టెలిఫోన్ బావే తలుపు తీశాడు. జుట్టంతా తెల్లబడింది. ఎదురుగా ఉన్న మనిషిని కళ్ళద్దాల పైనుంచి చూసి, "ఏం, దారి తప్పావా?" అన్నాడు.

"తప్పి చాలా ఏళ్ళయింది బావా."

బావ పక్కకి జరిగాడు. లోపలికి రమ్మనలేదు, వద్దనలేదు. గుమాస్తా వెళ్ళి కుర్చీ అంచున కూర్చున్నాడు. బీరువా మీద గడియారం పది నలభై చూపిస్తోంది. ఇంత దగ్గర నుంచి చూస్తే ఆ చీకటి సందులో ఖాళీ సాకెట్ కూడా కనపడుతోంది. అందులో దుమ్ము లేదు. ఎవరో తుడుస్తూ ఉన్నారు.

"నువ్విచ్చిన చిప్పులు చచ్చింది నా ఇంట్లోనే" అన్నాడు గుమాస్తా, దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ వదిలేసి.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"ఊలు మీద పేర్చి ఉన్నాయిగా. నువ్వు పిలిపించిన రోజు తలుపు తీసింది చెల్లెమ్మే. 'ఎలా సర్దానో చూడన్నయ్యా' అని పెట్టె తెచ్చి చూపించింది. చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. చాలా బాగుందమ్మా అన్నాను. ఏమనమంటావు? అంత సంతోషంగా చూపిస్తుంటే."

గుమాస్తా ఖాళీ సాకెట్ వైపు చూశాడు.

"ఆవిడ లోపలికెళ్ళి మిషను తొక్కుకుంటోంది. నువ్వు మెట్ల మీద నా మీద పడ్డావు. అసలు సంగతి చెబుదామనే నోరు తెరిచాను. అంతలో మిషను ఆగింది. వింటుందేమోనని చెప్పులేసుకున్నాను."

"తర్వాతైనా చెప్పొచ్చుగా!"

"తర్వాత నాకూ కోపం వచ్చింది. మనిషిని కానా? దొంగ అన్నావు." బావ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "చుక్కది కూడా ఆ ఊలులోనే పోయిందనుకున్నాను. ఎక్కడో జారిపోయి ఉంటుంది, పోతే పోయిందిలే అనుకున్నాను."

"మరి ఇంకోటి కొని పెట్టుకోవచ్చుగా బావా? బస్టాండు దగ్గర దొరుకుతున్నాయి."

"పెడితే అంకె వెలుగుతుంది. వెలిగితే నువ్వన్నదే నిజమవుతుంది, నేను పీకనే లేదని. రోజూ సాయంత్రం ఇటు చూస్తూ పోయేవాడివి కదా. చూడనీ అనుకున్నాను."

గుమాస్తా జేబులోంచి వెండి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. బావ పొట్లం విప్పాడు. తెల్ల చుక్క చూశాడు.

"ఎక్కడిది?"

"పరాయి గుండీల డబ్బాలో ఉంది. నీదని విడిగా దాచింది. నాకు చెప్పబోతే నేనే చెప్పనివ్వలేదు."

"వెండి కాగితం" అన్నాడు బావ. "స్పాంజి లేకపోతే దీంట్లోనే చుట్టాలి. ఆవిడకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. పరాయి వస్తువు పాడవకూడదని చుట్టింది, అంతే."

బావ లేచి గడియారం తీగ పీకాడు. ఒంట్లో రవ్వ ఏదైనా ఉంటే దిగిపోయేలా గోడకున్న నీళ్ళ గొట్టాన్ని అరచేత్తో ఒకసారి తాకి, అప్పుడు చిప్పుని రెండు వేళ్ళతో తీశాడు. ఒక కాలు కాస్త వంగి ఉంటే గోటితో సరిచేశాడు. సాకెట్లో పెట్టి బొటనవేలితో నొక్కాడు. "బతికుందో లేదో తెలీదు. ఆశ పెట్టుకోకు" అన్నాడు. ఎవరితో అన్నాడో. తీగ మళ్ళీ గుచ్చాడు.

సున్నాలు వెలిగాయి. చివరిది కూడా. మిగతావాటికన్నా అదే కాస్త ఎర్రగా, ఏళ్ళ తరబడి వాడని బల్బు కదా, నిండుగా వెలుగుతోంది.

ఇద్దరూ నిలబడి చూస్తూ ఉన్నారు. పొద్దుటి ఎండ కిటికీలోంచి బల్ల మీదకి జరిగింది. వీధిలో ఎవరో సైకిల్ గంట కొడుతూ పోయారు. సున్నా ఒకటయింది.

"టైము సరిచెయ్యనా?" అన్నాడు బావ.

"ఉండనీ బావా. కాసేపు అలాగే నడవనీ."

బావ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బల్ల మీది వెండి కాగితాన్ని దగ్గరకి తీసుకుని వేలితో నెమ్మదిగా సాపు చేశాడు. ఆమె వేసిన మడతలు అలాగే ఉన్నాయి. ఆ మడతల మీదే, ఒక్కటి కూడా కొత్తది పడకుండా, చిన్నగా మడిచి గుమాస్తా చేతిలో పెట్టాడు.

"నాది నాకు చేరింది" అన్నాడు. "ఇది నీది. జాగ్రత్తగా పట్టుకెళ్ళు."